‘సబర్ కరో’ అంటే దేనికోసం ఆగాలి?

మల్లేపల్లిలో ఒక మిత్రుడి తండ్రి పోతే పలకరించడానికి ఇద్దరం వెళ్లాం. నాతో వచ్చినాయనది గుంటూరు. హైదరాబాద్ వచ్చి రెండేళ్లయింది, ఉర్దూ సగం సగం అర్థమవుతుంది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక పెద్దాయన వచ్చి మా మిత్రుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కాసేపు ఏమీ అనకుండా నిలబడి, ‘సబర్ కరో బేటా, అల్లా సబర్ దేగా’ అని వెళ్లి కూర్చున్నాడు. తర్వాత వచ్చినాయనా అదే మాట. ఆ తర్వాతాయనా అదే.

బయటికొచ్చి బండి తీస్తుంటే గుంటూరాయన అడిగాడు: ‘సబర్ అంటే పేషన్సే కదండీ? మనిషే పోయాక ఇంకా ఓపిక పట్టి చేసేదేముంది? దేనికోసం ఎదురుచూడమని?’

ఫోన్‌లో వెతికితే పేషన్స్ అంటే సబర్ అనే వస్తుంది. సబర్ అని కొడితే పేషన్స్ అని వస్తుంది. చేతి మీద ఉర్దూ అక్షరాల్లో సబర్ అని పచ్చబొట్టు పొడిపించుకున్న కుర్రాళ్లను అడిగినా అదే చెబుతారు. నిఘంటువు తప్పేమీ చెప్పడం లేదు. కానీ రెండు మాటల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టింది గానీ, అవి వచ్చిన ఊళ్లు వేరని చెప్పలేదు. ఆయన తికమక అంతా అక్కడే ఉంది.

పేషన్స్ పుట్టింది నొప్పిలోంచి

ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్ క్రియ ‘పతి’. (మన పతికీ దీనికీ చుట్టరికం లేదు, వెక్కిరించడానికి మాత్రం బాగుంటుంది.) దానికి అర్థం బాధపడటం, తన మీద పడినదాన్ని అనుభవించడం. దానిలోంచి వచ్చిన ‘పతియెన్షియా’ ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరింది. ఆస్పత్రి మంచం మీదున్న పేషెంటుకూ ఓపికున్న పేషెంటుకూ ఒకే స్పెల్లింగు ఉండటం యాదృచ్ఛికం కాదు. ఇద్దరూ బాధను అనుభవిస్తున్నవాళ్లే.

అదే వేరు నుంచి పాసివ్ వచ్చింది, పాషన్ కూడా వచ్చింది. పాషన్ అనగానే ఇప్పుడు మనకు సినిమా పిచ్చో, వంట పిచ్చో గుర్తొస్తుంది. దాని పాత అర్థం మన చర్చిల్లో భద్రంగా ఉంది. ఈస్టర్‌కు ముందు రోజుల్ని తెలుగు క్రైస్తవులు శ్రమకాలం అంటారు. క్రీస్తు పొందిన ఆ శ్రమలనే ఇంగ్లీషులో పాషన్ అంటారు. భాషాశాస్త్రవేత్తలైతే ‘పులి మేకను చంపింది’ అనే వాక్యంలో మేకను పేషెంట్ అంటారు. చేసేది పులి, పడేది మేక. మన వ్యాకరణం ఆ మేకను కర్మ అంటుంది. ‘అంతా నా కర్మ’ అనుకునే మేకకు ఏ భాషయినా ఒకటే.

ఈ వేరును బట్టే వైద్యులు కూడా ఒకసారి వాదించుకున్నారు. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జూలియా న్యూబర్గర్, పేషెంట్ అన్న మాట రోగిని నోరెత్తకుండా భరించేవాడిగా చూపిస్తోందని, దానికి బదులు వేరే మాట కావాలని రాశారు. ఉన్న మాటకేం, బాగానే ఉందిగా అన్నవాళ్లూ ఉన్నారు. మాట అయితే మారలేదు. ఉర్దూకు ఈ బాధ లేదు, అక్కడ రోగిని మరీజ్ అంటారు. జబ్బు అనే మాటలోంచే వచ్చింది కాబట్టి ఓర్పుతో దానికి లంకె లేదు.

కాలం గడిచేకొద్దీ పేషన్స్‌లోంచి నొప్పి ఇంకిపోయింది. ఇవాళ ఆ మాట ఎక్కువగా వినబడేది కస్టమర్ కేర్ ఫోన్లలో: ‘థాంక్యూ ఫర్ యువర్ పేషన్స్’. క్యూలో నిలబడటం, పిల్లల మీద విసుక్కోకపోవడం, సన్నని పని కుదురుగా చేయడం. అర్థం దాదాపు అక్కడికి వచ్చి ఆగింది. ఒంటరిగా ఆడుకునే పేకాటకు కూడా బ్రిటన్‌లో పేషన్స్ అనే పేరు. అమెరికా వాళ్లు సాలిటేర్ అన్నారు, 1990లో విండోస్‌తో పాటు అది ప్రపంచంలోని ఆఫీసులన్నిటికీ పాకింది.

సబర్‌లో ఉన్నది బిగబట్టడం

ఉర్దూలో రాసేటప్పుడు సబ్ర్. నోటితో పలికేటప్పుడు మధ్యలో ఒక ‘అ’ చేరి సబర్ అవుతుంది. మాట అరబ్బీది. దాని ధాతువుకు అరబ్బీ నిఘంటువులు ఇచ్చే తొలి అర్థాలు బాధా కాదు, ఎదురుచూపూ కాదు. ఆపడం, కట్టడి చేయడం, బిగబట్టడం. ఖురాన్ 18వ సూరాలో (అధ్యాయంలో) ‘వస్బిర్ నఫ్‌సక’ అని ఒక ఆజ్ఞ ఉంది. మాటకు మాట తెలుగు చేస్తే ‘నిన్ను నువ్వు పట్టి ఉంచు’ అని. అక్కడ సబర్‌కు ఒక కర్మ ఉంది, అది మన మనసే.

అదే సూరాలో ఈ అర్థాన్ని కథగా చూడొచ్చు. మూసా ప్రవక్త ఒక జ్ఞాని వెంట వెళ్తానంటాడు. సంప్రదాయం ఆ జ్ఞానిని ఖిజ్ర్ అంటుంది. ‘నువ్వు నాతో సబర్ చేయలేవు’ అని ఆయన ముందే చెబుతాడు. షరతు ఒక్కటే: నేనుగా చెప్పేదాకా ఏమీ అడగకూడదు. దారిలో ఆయన ఒక పడవకు చిల్లు పెడతాడు. మూసా ఉండబట్టలేక అడిగేస్తాడు. తర్వాత ఒక కుర్రాణ్ని చంపుతాడు, మళ్లీ అడుగుతాడు. అన్నం పెట్టని ఊళ్లో పడిపోబోతున్న గోడను ఊరికే నిలబెడతాడు, మళ్లీ నోరు జారుతుంది. అంతటితో ఇద్దరి దారులూ వేరైపోతాయి. ఇందులో ఎక్కడా చాలాసేపు ఆగడం అనే పరీక్ష లేదు. ఉన్నది నాలుకను పట్టుకోవడం.

రంజాన్‌ను సబర్ మాసం అనడం ఇలా చూస్తేనే బోధపడుతుంది. ఎదురుగా మంచినీళ్లున్నా చెయ్యి చాపకపోవడం అది. పాత పండితులు సబర్‌ను మూడు రకాలు చేశారు: చేయాల్సిన పనిలో నిలబడటం, చేయకూడని పని నుంచి తనను తాను ఆపుకోవడం, ఆపద వచ్చినప్పుడు తట్టుకోవడం. ఇంగ్లీషు పేషన్స్‌తో కలిసేది మూడోదే, అదీ కొంతవరకే. సిగరెట్ మానేసినవాణ్ని ఇంగ్లీషులో ఎవరూ పేషెంట్ అనరు. ఉర్దూ పెద్దమనిషి మాత్రం అతనిది సబర్ అనొచ్చు.

ఇప్పుడు గుంటూరాయన ప్రశ్నకు రావచ్చు. చావింట్లో సబర్ కరో అంటే దేనికోసమో ఆగమని కాదు. జారిపోకు, నిన్ను నువ్వు పట్టుకో అని. ఒక హదీసులో, అంటే ప్రవక్త మాటల్నీ చేతల్నీ చెప్పే కథనంలో, సమాధి దగ్గర ఏడుస్తున్న ఒక స్త్రీని చూసి ప్రవక్త ‘దేవుడికి భయపడు, సబర్ చెయ్’ అంటారు. ఎవరో తెలియక ఆమె ‘నాకొచ్చిన కష్టం నీకు రాలేదు, పో’ అనేస్తుంది. ఆయనెవరో తెలిశాక క్షమాపణ చెప్పడానికి వెళ్తే, ఆయన అన్నది ఒక్కటే: సబర్ అనేది మొదటి దెబ్బ తగిలినప్పుడే. కొన్నాళ్లకు మనసు ఎలాగూ కుదుటపడుతుంది, అది కాలం చేసే పని. సబర్ పని ఆ మొదటి గంటలో ఉంటుంది. ఇంగ్లీషు మాటకు కాలం కావాలి. ఈ మాటకు కాలంతో పనే లేదు.

ఉర్దూలో ఒక్క మాటతో సరిపోదు

పేషన్స్ అన్న ఒక్క మాట చేసే పనుల్ని ఉర్దూ నలుగురికి పంచింది. వాటిలో రెండు మనకు చుట్టాలే.

తహమ్ముల్ అంటే బరువు మోయడం. దాని ధాతువులోంచే ‘హమ్మాల్’ వచ్చింది, మోసేవాడు. మన మార్కెట్ యార్డుల్లో, రైస్ మిల్లుల దగ్గర బస్తాలెత్తే హమాలీ ఆయనే. ఉర్దూలో కడుపుతో ఉన్న స్త్రీ ‘హామిలా’, ఆమె మోసేదీ అదే ధాతువు. కాబట్టి తహమ్ముల్ ఉన్న మనిషంటే, ఎదుటివాడి మాటను బస్తాలా భుజాన వేసుకుని ఒరిగిపోకుండా నడిచేవాడు. సభలో గొడవ జరుగుతుంటే అధ్యక్షుడు కోరేది దీన్నే. ‘సబ్ర్-ఓ-తహమ్ముల్’ అని జంటగా కూడా వాడతారు.

బర్దాష్త్ పారసీ నుంచి వచ్చింది, పైకెత్తడం అని. రోజువారీ మాటల్లో దీన్ని ఎక్కువగా కాదనడానికే వాడతారు: ‘బర్దాష్త్ నహీఁ హోతా’, ఇక నా వల్ల కాదు. ఎండనూ, పంటి నొప్పినీ, పక్కింటి డీజేనూ బర్దాష్త్ చేయొచ్చు. అందులో పుణ్యం ఏమీ లేదు. సబర్‌లో మాత్రం ఉంది.

నాలుగోది ఇంతెజార్, ఎదురుచూపు. దీని ధాతువు నజర్, చూపు. ఆ మాటా మనకు తెలిసిందే. విచిత్రమేమిటంటే తెలుగూ సంస్కృతమూ ఇదే బొమ్మ గీసుకున్నాయి. ఎదురుచూడటంలో చూడటం ఉంది. నిరీక్షణలో ఈక్షణం ఉంది. బస్సు కోసం ఆగేవాడి ఒళ్లంతా కళ్లే అన్న సంగతి మూడు భాషలూ కనిపెట్టాయి.

అందుకే ‘థాంక్యూ ఫర్ యువర్ పేషన్స్’ అన్న ప్రకటనను ఉర్దూలోకి తేవాలంటే సబర్ దగ్గర చెయ్యి ఆగుతుంది. విమానం నలభై నిమిషాలు ఆలస్యమైనందుకు సబర్ అంటే, పాపం లోపలేదో జరిగినట్టుంటుంది. ఇంతెజార్ చేసినందుకు, సహకరించినందుకు శుక్రియా అనేస్తే చెవికి సరిపోతుంది. అటు నుంచి ఇటు తేవడం ఇంకా కష్టం. ఉర్దూ పత్రికల సంతాప ప్రకటనల చివర తరచూ కనిపించే వాక్యం: ‘అల్లా పస్‌మాందగాన్ కో సబ్ర్-ఎ-జమీల్ అతా ఫర్మాయే’. వెనక మిగిలినవాళ్లకు దేవుడు అందమైన సబర్‌ను ఇవ్వుగాక అని. దీన్ని ఇంగ్లీషులో పెట్టి ‘దేవుడు వాళ్లకు పేషన్స్ ఇవ్వుగాక’ అంటే, ఆ ఇంటివాళ్లకు ముక్కు మీద కోపం ఉన్నట్టు వినబడుతుంది.

ఆ ‘అందమైన’ ఎక్కడిదంటే ఖురాన్లోని యూసుఫ్ కథలోది. కొడుకులు దొంగ నెత్తురు పూసిన చొక్కా తెచ్చి, తమ్ముణ్ని తోడేలు తినేసిందని చెబుతారు. తండ్రి యాఖూబ్ నమ్మడు. అయినా వాళ్లను ఏమీ చేయడు. ‘ఫ సబ్రున్ జమీల్’ అంటాడు, ఇక అందమైన సబరే దిక్కని. తర్వాత దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోతాయి. నా గోడు అల్లాకే చెప్పుకుంటున్నానంటాడు. ఏడవకపోవడమే సబర్ అనుకునేవాళ్లకు ఆ తెల్లబడ్డ కళ్లు గుర్తుండాలి.

ఒకచోట ఖర్చయిపోతుంది, ఇంకోచోట నిండి పొర్లుతుంది

నుడికారాలు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లీషులో పేషన్స్ అయిపోతుంది, పెట్రోల్ అయిపోయినట్టు. అదొక నిల్వ, వాడేకొద్దీ తగ్గుతుంది. ఉర్దూలో ‘సబర్ కా పైమానా లబ్‌రేజ్ హో గయా’ అంటారు. సబర్ గిన్నె అంచుదాకా నిండిందని. ఇక్కడ తగ్గేదేమీ లేదు. ఒక్కొక్క చుక్కా లోపల చేరుతోంది, ఇంకొక్కటి పడితే పొర్లుతుంది. ఒకే కోపం, ఒకడి కుండ ఖాళీ అయింది, ఇంకొకడి కుండ నిండింది. మన తెలుగువాళ్లకు కుండ లేదు, పొలం గట్టుంది: ‘ఓర్పుకూ ఒక హద్దుంటుంది’.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. ‘మేరా సబర్ పడేగా తుఝ్ పర్’. నా సబర్ నీ మీద పడుతుంది. అన్యాయం జరిగినా తిరిగి ఏమీ చేయలేక, లేదా చేయకుండా, ఊరుకున్నవాళ్లు అనే మాట ఇది. వాళ్లు బిగబట్టుకున్నది ఎక్కడికీ పోదు, లోపల బరువెక్కి చివరికి చేసినవాడి నెత్తిన పడుతుంది. దీన్ని ఇంగ్లీషులోకి తేలేం. ‘మై పేషన్స్ విల్ ఫాల్ ఆన్ యూ’ అంటే నవ్వుతారు. తెలుగులో మాత్రం మూడు మాటల్లో అయిపోతుంది: నా ఉసురు తగులుతుంది. ఉర్దూలో ‘సబర్ సమేట్‌నా’ అంటే అచ్చంగా ఉసురు పోసుకోవడమే.

యోబు నిజంగా ఓర్చుకున్నాడా?

రెండు సంప్రదాయాలకూ ఓర్పులో ఆదర్శం ఒకే మనిషి. బైబిల్లో యోబు, ఖురాన్లో అయ్యూబ్. ‘పేషన్స్ ఆఫ్ జోబ్’ అన్న మాట ఇంగ్లీషులో ఒక నానుడి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ యాకోబు పత్రికలోనూ ఆ మాటే ఉంది. కానీ యోబు గ్రంథమే తెరిస్తే, 42 అధ్యాయాల్లో ఆయన సణుక్కోకుండా భరించింది మొదటి రెండింటిలోనే. మూడో అధ్యాయంలో తను పుట్టిన రోజునే శపించుకుంటాడు. ఆ తర్వాత స్నేహితులతో వాదన, దేవుడితో వాదన.

మరి ఇదేం పేషన్స్? యాకోబు పత్రిక గ్రీకు మూలంలో ఉన్న మాట ‘హుపొమొనె’. కింద నిలిచి ఉండటం అని దాని కూర్పు. బరువు కిందనుంచి పారిపోకపోవడం. అరుస్తూ అయినా సరే. ఇంగ్లీషు పేషన్స్ పలచబడ్డాక ఆ అర్థాన్ని మోయలేకపోయింది. అందుకే 1978లో పూర్తిగా వెలువడిన న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అదే వాక్యంలో పేషన్స్ తీసేసి ‘పెర్సివరెన్స్’ అని పెట్టింది. ఇంకో అనువాదం ‘స్టెడ్‌ఫాస్ట్‌నెస్’ అంది. తెలుగు బైబిల్‌కు ఆ అవసరం రాలేదు, సహనం అన్నది అలాగే ఉంది. విసుక్కోకపోవడం అనే ఇంకో రకం ఓర్పుకు గ్రీకులో వేరే మాట ఉంటే, దానికి మనవాళ్లు దీర్ఘశాంతం అని చక్కగా విడిగా పెట్టుకున్నారు.

ఖురాన్లో అయ్యూబ్ వాదించడు గానీ అడుగుతాడు. నాకు బాధ కలిగింది, నువ్వు దయామయుల్లోకెల్లా దయామయుడివి అని మొరపెట్టుకుంటాడు. అలా అడిగినవాణ్నే సబర్ గలవాడని మెచ్చుకుంటుంది గ్రంథం. మొర వేరు, సణుగుడు వేరు అన్నమాట.

ఓర్చుకోమని ఎవరు ఎవరికి చెబుతున్నారు?

ఇక్కడ అభిప్రాయాలు గట్టిగా చీలతాయి. ఒక వైపు వాదన అందరికీ తెలిసిందే. సబర్ కరో అన్న సలహా ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంది. మొగుడు కొడితే కోడలికి చెబుతారు, కూలి ఎగ్గొడితే కూలీకి చెబుతారు. కోడలు అత్తకు చెప్పగా మనం వినలేదు. ఇంగ్లీషు మాట మీదా ఇదే ఫిర్యాదు. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో మార్టిన్ లూథర్ కింగ్, నల్లవాళ్లకు ‘ఆగండి’ అంటే దాదాపు ప్రతిసారీ ‘ఎప్పటికీ కాదు’ అనే అర్థమని తేల్చేశారు. పేషన్స్ మూలం పాసివ్‌తో ముడిపడి ఉండటం ఈ వాదనకు ఇంకాస్త బలం.

రెండో వైపు నిలబడే మనిషి సరిహద్దు గాంధీ అని పేరుపడ్డ పఠాన్ నాయకుడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ (దేవుడి సేవకులు) దళాన్ని పెట్టి, తుపాకీ లేకుండా ఇల్లు దాటని పఠాన్లతో ఆయుధం పట్టబోమని ప్రమాణం చేయించారు. నేనిచ్చే ఆయుధం సబర్, ధర్మం అనేవారాయన, అవి ప్రవక్త ఆయుధాలేనని. 1930 ఏప్రిల్ 23న పెషావర్ ఖిస్సా ఖ్వానీ బజారులో బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపినప్పుడు జనం ఎదురుదాడికి దిగకుండా నిలబడ్డారు. వాళ్లు ఆగలేదు, ఊరుకోలేదు, చట్టానికి లొంగలేదు. చెయ్యి మాత్రం బిగబట్టారు. సబర్ అంటే చేతకానితనం కాదనేవాళ్లకు ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు తోస్తుంది. తేడా మాటలో లేదు, అది ఎవరి నోట్లోంచి వస్తోందన్న దాంట్లో ఉంది. తనకు తాను చెప్పుకునే సబర్ ఒకటి, పక్కవాడికి పంచే సబర్ ఇంకొకటి. రెండోది ఎప్పుడూ చవకే.

సబూరి, ఓపిక, మూసాంబ్రం

తెలుగువాళ్లలో ఉర్దూ రానివాళ్లు కూడా ఈ మాటను గోడల మీద చదువుతారు. దిల్‌సుఖ్‌నగర్ గుడి నుంచి పల్లెటూరి మందిరం దాకా సాయిబాబా పటం ఉన్నచోట ‘శ్రద్ధ, సబూరి’ ఉంటుంది. ఆ సబూరి ఇదే సబర్, పారసీ ఉర్దూల దారిలో మరాఠీలోకి చేరి, షిరిడీ మీదుగా మనదాకా వచ్చింది. బాబా చరిత్రలో రాధాబాయి అనే ముసలామె ఉపదేశం కోసం అన్నం మానేసి కూర్చుంటే, తన గురువు తననడిగిన దక్షిణ రెండే రెండు పైసలని బాబా చెబుతారు. ఒకటి నిష్ఠ, రెండోది సబూరి. మన బోర్డుల మీద సంస్కృతం మాటా అరబ్బీ మాటా ఇలా పక్కపక్కనే ఉంటాయి, చదివేవాళ్లకు ఆ సంగతే తట్టదు.

మన సొంత మాటలూ తక్కువవి కావు. సహనానికి మూలమైన సంస్కృత ధాతువులోంచే సాహసం కూడా వచ్చింది. ఆ ధాతువుకు తట్టుకోవడమూ లొంగదీయడమూ రెండూ అర్థాలే. ఓపికదీ అలాంటి రెండు ముఖాల వ్యవహారమే. ‘కాస్త ఓపిక పట్టు’లో ఉన్నది నిదానం, ‘మెట్లెక్కే ఓపిక లేదు’లో ఉన్నది ఒంట్లో సత్తువ. ఓర్చుకోవాలంటే ముందు బలం ఉండాలని ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. చావింట్లో ఆ పెద్దాయన మాటను తెలుగు చేయమంటే నేను పేషన్స్ జోలికి పోను, ‘గుండె దిటవు చేసుకో నాయనా’ అంటాను.

అరబ్బీలో కలబందకు కూడా దాదాపు ఇదే మాట, అవే మూడు హల్లులు. చేదు కలబంద. సబర్ చేదే గాని దాని పండు తీపి అని ఉర్దూ, పారసీల్లో అనే మాట వెనక ఈ చేదు కూడా ఉంది. ఆ కలబంద రసాన్ని ఎండబెట్టి చేసిన నల్లటి గడ్డను హిందుస్తానీలో ముసబ్బర్ అన్నారు. మన పచారీ కొట్లలో అదే మూసాంబ్రం. పాలు మాన్పించాలంటే మన అమ్మమ్మలు నీళ్లలో అరగదీసి రొమ్ముకు రాసేవారు. పిల్లవాడు నోరు పెట్టి, మొహం చిట్లించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు గుక్కపట్టేవాడు.